స్ట్రాత్‌క్లైడ్ కంట్రీ పార్క్

స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరానికి ఆగ్నేయ దిశలో, హామిల్టన్, మదర్‌వెల్ పట్టణాల నడుమ, క్లైడ్ నది లోయలో ఉన్న విహారవనం స్ట్రాత్‌క్లైడ్ కంట్రీ పార్క్. విస్తీర్ణం సుమారు 400 హెక్టార్లు. నడిమధ్యన స్ట్రాత్‌క్లైడ్ లాఖ్ అనే పెద్ద చెరువు, చుట్టూ అడవి, పచ్చికబయళ్లు, చిత్తడి నేలలు ఉన్నాయి. 1978లో ప్రజల కోసం తెరిచారు. కొత్తగా వచ్చినవారికి ఈ చెరువు అనాదిగా ఉన్నదేమో అనిపిస్తుంది. నిజానికి ఇది 1970లలో మనుషులు చేసినది. అంతకుముందు ఇక్కడున్నవి బొగ్గు గనులు తవ్వగా కుంగిన నేల, ఖాళీ అయిన ఒక కార్మికుల ఊరు.

ఈ పల్లపు భూములు చాలా కాలం హామిల్టన్ డ్యూకుల సొంతం. వీటిని లో పార్క్స్ అనేవారు. వేట, పశువుల మేత ఇక్కడే సాగేవి. నది ఒడ్డుకు దగ్గరలోనే వారి హామిల్టన్ ప్యాలెస్ ఉండేది. రాజకుటుంబానికి చెందని భవనాల్లో బ్రిటన్ మొత్తానికే పేరెన్నికగన్నవాటిలో అదొకటి. డ్యూకుల సంపదలో పెద్ద భాగం నేల కింది బొగ్గు నుంచి వచ్చింది. పొర తవ్వేశాక గని పైకప్పు కూలుతుంది, దానితోపాటు పైనున్న నేల కుంగుతుంది. చివరికి ప్యాలెస్ కిందనే తవ్వకాలకు అనుమతివ్వడంతో, కూర్చున్న కొమ్మనే నరుక్కున్నట్టయింది. లోపలి కళాఖండాలు చాలావరకు 1882లోనే వేలంలో పోయాయి. భవనాన్ని 1920లలో కూల్చివేశారు. మిగిలింది పదో డ్యూక్ అలెగ్జాండర్ తన వంశం కోసం కట్టించుకున్న సమాధి మందిరం. 1842లో మొదలైన ఆ కట్టడం 1858లో, ఆయన చనిపోయాక పూర్తయింది. ఆయన దేహాన్ని ఈజిప్టు నుంచి తెచ్చిన రాతి శవపేటికలో ఉంచారు. మందిరంలో ఒక్క శబ్దం చేస్తే ప్రతిధ్వని దాదాపు 15 సెకన్లు మోగుతుంది. ప్రార్థనా మందిరంగా వాడుకోవాలనుకున్న గదిలో మాటలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఏమీ వినిపించకపోవడంతో ఆ ఆలోచన మానుకున్నారు. గనుల వల్ల ఈ కట్టడం కింది నేల కూడా కుంగింది, అయినా అది నిలిచే ఉంది.

పార్కు చరిత్రలో ఎక్కువ చెప్పుకోవలసినది బోత్‌వెల్‌హా గురించి. ఆ పేరు మొదట ఒక ఎస్టేటుది. 1570 జనవరిలో స్కాట్లాండ్ రాజప్రతినిధి మోరే ప్రభువును లిన్‌లిత్‌గోలో తుపాకితో కాల్చి చంపిన జేమ్స్ హామిల్టన్ ఈ ఎస్టేటువాడే. దేశాన్ని ఏలుతున్న వ్యక్తిని తుపాకితో హత్య చేసిన తొలి ఘటనగా దాన్ని చరిత్రకారులు తరచూ పేర్కొంటారు. మూడు శతాబ్దాల తర్వాత, 1880లలో ఇక్కడ హామిల్టన్ ప్యాలెస్ కోలియరీ అనే గని తవ్వారు. గని యాజమాన్యమే వరుస ఇళ్లు కట్టించింది, వందలాది కుటుంబాలు వచ్చి చేరాయి. గని పేరు మీదుగా చుట్టుపక్కలవాళ్లు ఆ ఊరినే 'పేలిస్' అని పిలిచేవారు. బడి, దుకాణాలు, కొలువు అన్నీ గనితో ముడిపడినవే. 1959లో గని మూతపడింది. ఇక ఊరికి బతుకుతెరువు లేకుండా పోయింది. 1960ల మధ్యలో ఇళ్లను పడగొట్టి జనాన్ని ఇతర చోట్లకు తరలించారు. ఊరున్న స్థలంలో చాలా భాగం ఇప్పుడు చెరువు అడుగున ఉంది. చెరువు కోసమే ఊరిని ముంచారని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. ఊరు ముందే ఖాళీ అయింది, నీళ్లు ఆ తర్వాత వచ్చాయి. ఈ తేడా చిన్నది కాదు. ఆ కుటుంబాలను వెళ్లగొట్టింది విహారం కాదు, బొగ్గు పరిశ్రమ క్షీణత.

అప్పటికి బ్రిటన్‌లో కార్లు పెరిగి, పట్టణ జనం సెలవురోజుల్లో దూరపు కొండల మీదికి, పొలాల మీదికి విరుచుకుపడుతున్నారు. పట్టణాల పక్కనే విహార స్థలాలు కల్పిస్తే ఆ ఒత్తిడి తగ్గుతుందన్నది 1966 నాటి ప్రభుత్వ శ్వేతపత్రం ఆలోచన. స్కాట్లాండ్‌లో 1967 చట్టం, ఇంగ్లండ్, వేల్స్‌లలో 1968 చట్టం కంట్రీ పార్కులకు దారి వేశాయి. స్ట్రాత్‌క్లైడ్‌లో ఆ ఆలోచనకు మరో ప్రయోజనం తోడైంది: పాడైన నేలను మళ్లీ పనికి తేవడం. క్లైడ్ దారి మళ్లించి, కుంగిన పల్లాన్ని చెరువుగా మలిచారు.

నీరు నింపేముందు పురావస్తు శాస్త్రజ్ఞులు తొందరపడవలసి వచ్చింది. సౌత్ క్యాల్డర్ వాగు ఒడ్డున క్రీ.శ. 2వ శతాబ్దపు రోమన్ సైనిక కోట, దానికి అనుబంధంగా స్నానశాల ఉన్నాయి. స్నానశాలను 1970లలో తవ్వి, మునిగిపోకుండా దాని రాళ్లను పైకి తరలించి మళ్లీ పేర్చారు. దగ్గరలో జనం రోమన్ వంతెన అని పిలిచే రాతి వంతెన రోమన్ల కాలానికి ఎంతో తర్వాతిది. అసలైన చరిత్ర ఉన్న మరో వంతెన పార్కు వాయవ్యపు కొసన ఉంది. అదే బోత్‌వెల్ వంతెన. 1679 జూన్ 22న కవెనెంటర్లు అనే ప్రొటెస్టెంట్ తిరుగుబాటుదారులను ప్రభుత్వ సైన్యం ఓడించింది ఇక్కడే.

పడవ పందేలకు కావలసిన 2,000 మీటర్ల నేరుదారి ఈ చెరువులో ఉంది. 1986 కామన్వెల్త్ క్రీడల రోయింగ్ పోటీలు, 1996లో ఒలింపిక్స్‌లో లేని విభాగాలకు ప్రపంచ రోయింగ్ పోటీలు, 2018లో యూరోపియన్ చాంపియన్‌షిప్స్ రోయింగ్ ఇక్కడ జరిగాయి. 2014 కామన్వెల్త్ క్రీడల ట్రయథ్లాన్ కూడా ఇక్కడే. పురుషుల్లో ఇంగ్లండ్ సోదరులు అలిస్టర్ బ్రౌన్‌లీ స్వర్ణం, జోనథన్ రజతం గెలిచారు. చెరువు నీరు మాత్రం ఎప్పుడూ సమస్యే. నిలకడ నీరు కావడంతో వేసవిలో నీలి-ఆకుపచ్చ నాచు విషపూరితంగా మారే ప్రమాదం ఉంది. 2012లో ఇక్కడ ఈదినవారిలో చాలామంది నోరోవైరస్‌తో జబ్బుపడ్డారు. అందుకే 2014 పోటీలకు ముందు నీటి నాణ్యత మీద ప్రత్యేకంగా పనిచేయవలసి వచ్చింది. 1996 నుంచి పార్కు నిర్వహణ నార్త్ లానార్క్‌షైర్ కౌన్సిల్‌ది.

పడవలు, పరుగులు, గుడారాల సందడి ఒక పక్క ఉన్నా, వన్యప్రాణులకు ఈ లోయ మంచి ఆసరా. చలికాలంలో ఐస్‌లాండ్ నుంచి హూపర్ హంసలు క్లైడ్ తీరపు చిత్తడి నేలలకు వస్తాయి. నీటిపై రకరకాల బాతులు, తలపై జుట్టున్న గ్రీబ్ పక్షులు, ఒడ్డున లకుముకి పిట్టలు, నీటికుక్కలు, అడవిలో రో జింకలు కనిపిస్తాయి. నదికి ఎగువన బేరన్స్‌హా పక్షి సంరక్షణ కేంద్రం ఉంది. హామిల్టన్ లో పార్క్స్‌లోని తడినేలలు, చెట్లు నారాయణ పక్షుల గూళ్లకు పేరుపొందినవి. వాటికి ప్రత్యేక శాస్త్రీయ ప్రాధాన్యం గల స్థలంగా చట్టబద్ధ రక్షణ ఉంది. పార్కు పక్కనుంచే ఎం74 రహదారి రాత్రింబవళ్లు వాహనాలతో సాగుతుంటుంది. డ్యూకుల సమాధి మందిరానికీ చెరువుకూ మధ్య ఇప్పుడు ఆ రహదారే అడ్డు.