రెండోసారి తవ్విన మట్టి

ఖమ్మం జిల్లా చింతకాని మండలం కోమట్లగూడెం. 2021. ఆ తల్లిని పూడ్చిపెట్టిన మట్టి ఇంకా గట్టిపడనేలేదు, మళ్ళీ గడ్డపార వేయాల్సి వచ్చింది.

ఆమె దళిత మహిళ. మా జనగామకు దగ్గర్లోనే, యాదాద్రి భువనగిరి జిల్లా గోవిందాపురంలో చర్చి ఫాదర్ ఇంట్లో వంట చేసేది. ఆ ఇంట్లో రెండు లక్షలు పోయాయన్న ఫిర్యాదుతో అడ్డగూడూరు పోలీసులు మొదట ఆమె కొడుకునూ అతని స్నేహితుణ్నీ పట్టుకున్నారు. జూన్ 18న ఆమెనూ ఠాణాకు తెచ్చారు. అమ్మను కొట్టారని కొడుకు చెప్పాడు. స్పృహ తప్పిపోయిందని పోలీసులు చెప్పారు. ఆ రోజే ప్రాణం పోయింది.

పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ హైకోర్టు తలుపు తట్టింది. శవాన్ని వెలికితీసి మళ్ళీ పోస్టుమార్టం చేయాలని కోర్టు ఆదేశించింది. ఎస్సైనీ ఇద్దరు కానిస్టేబుళ్లనూ రాచకొండ కమిషనర్ ఉద్యోగం నుంచి తొలగించారు. కొడుక్కి ప్రభుత్వం ఉద్యోగం, ఇల్లు, 15 లక్షలు ప్రకటించింది.

ఇందులో నన్ను కలవరపెట్టేది ఒకటుంది. ఆ ముగ్గురినీ పనిలోంచి తీసేసింది వాళ్ల శాఖే. హైకోర్టు దాకా వెళ్లే సంఘమేదీ తోడు లేని తల్లి సంగతేమిటి?

పోలీసు సంస్కరణల కోసం వేసిన ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2006 సెప్టెంబరు 22నే దీనికి దారి చూపింది. ప్రతి జిల్లాలో విశ్రాంత జిల్లా జడ్జి అధ్యక్షుడిగా పోలీసు ఫిర్యాదుల సంస్థ ఉండాలి. డీఎస్పీ స్థాయి వరకు ఫిర్యాదులు అక్కడ, ఎస్పీ, ఆపై అధికారుల మీద రాష్ట్ర సంస్థ దగ్గర. అధ్యక్షుణ్ని ప్రభుత్వం తనకు నచ్చినట్టు వేసుకోకూడదు, హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి గానీ, ఆయన నియమించిన జడ్జి గానీ ఇచ్చిన పేర్లలోంచే ఎంచుకోవాలి. శాఖాపరమైన చర్యకో, క్రిమినల్ చర్యకో ఆ సంస్థ సిఫారసు చేస్తే సర్కారు దానికి కట్టుబడాలి. బలమంతా ఆ చివరి మాటలోనే ఉంది. అమెరికాలో కాలిఫోర్నియా 2021లో ఇంకో అడుగు ముందుకేసింది: తప్పు చేసిన పోలీసు ధ్రువపత్రాన్నే రద్దు చేసే అధికారం రాష్ట్ర సంస్థకు ఇచ్చింది. పత్రం పోతే అక్కడ మరో ఠాణాలో చేరడం కుదరదు.

ఇక మన దగ్గర చూస్తే, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016 అక్టోబరు 11న జిల్లాలయ్యాయి. కలెక్టరేట్లు వచ్చాయి, పోలీసు కార్యాలయాలు వచ్చాయి. మీ జిల్లా ఫిర్యాదుల సంస్థకు జడ్జి ఎవరు, ఆఫీసు ఎక్కడ, దర్యాప్తు సిబ్బంది ఎందరు? సమాచార హక్కు కింద అడగండి. జిల్లా స్థాయిలో దరఖాస్తు రుసుము పది రూపాయలు.