స్విఫ్ట్ దొరగారి ‘ఎడ్’ బెంగ

గలివర్ లిల్లిపుట్‌కు కొట్టుకుపోయిన స్విఫ్ట్ కథ అచ్చయి 2026 అక్టోబరు 28కి 300 ఏళ్లు. ‘గురువారంలోగా స్విఫ్ట్ మీద ఏదైనా ఇవ్వండి’ అన్నారు సంపాదకులు. గలివర్ గురించి అందరూ రాస్తారు. నాకిష్టం స్విఫ్ట్ రాసిన ఓ ఫిర్యాదు ఉత్తరం. అందులో భూతకాలం మీద ఓ పెద్ద గొడవుంది.

పాత ఇంగ్లిష్ క్రియలు రెండు తెగలు. ఒక తెగ భూతకాలం కోసం కడుపులో అచ్చు మార్చుకునేది, రెండోది తోక తగిలించుకునేది. ‘హెల్ప్’ మొదటి తెగది, దాని భూతకాలం ‘హోల్ప్’. 1066లో నార్మన్లు దిగాక వచ్చిన ఫ్రెంచి క్రియలు దాదాపు అన్నీ తోక తెగలోనే చేరాయి. ‘హోల్ప్’ షేక్‌స్పియర్ దాకా ఈదుకొచ్చింది, 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో ‘హోల్పెన్’గా తలదాచుకుంది. అయిదొందల ఏళ్లు ఒక్క గెంతులో దాటేశాను, మన్నించాలి.

ఆ ‘ఎడ్’ తోకను ఒకప్పుడు నిండుగా పలికేవారు: ‘డిస్టర్బెడ్’. ఛందస్సులో ఇమడాలని కవులు మధ్య అచ్చు మింగేశారు. 1712లో కోశాధికారి రాబర్ట్ హార్లీకి స్విఫ్ట్ బహిరంగంగా మొరపెట్టుకున్నాడు. డ్రడ్జ్‌డ్, డిస్టర్బ్‌డ్, రెబ్యూక్‌డ్, ఫ్లెడ్జ్‌డ్... అన్నంలో రాళ్లలా తగిలాయాయనకు. అచ్చులు కోసేసి హల్లులు కుక్కడం ఉత్తరాది జాతుల మోటుతనంలోకి జారడమేనన్నాడు. ఫ్రెంచివాళ్లకున్నట్టు అకాడమీ పెట్టి, భాషను ఒకసారి దిద్ది ఇక కదలకుండా కట్టేయమన్నాడు. 1714లో హార్లీ పదవి ఊడింది, ఆ వెంటనే ఆన్ రాణి కన్నుమూసింది. మరుసటేడు హార్లీ లండన్ టవర్‌లో ఖైదీ. స్విఫ్ట్ డబ్లిన్ చర్చికి చేరుకున్నాడు. అకాడమీ ఊసు అటకెక్కింది.

చిన్నప్పుడు మేమంతా ‘వాకెడ్’, ‘హెల్పెడ్’ అనే చదివాం. అచ్చు ఊతం లేనిదే అడుగు పడని నోళ్లాయె. మాస్టారు బెత్తం చూపించి ఆ అచ్చు మింగించేవారు. స్విఫ్టే వచ్చి ఉంటే మా పక్షాన నిలబడేవాడు, బెత్తం లాక్కునేవాడు కూడానేమో.

ఇక ఆ రెండు తెగల కథకు వరస దొరకదు. పాత ఇంగ్లిష్‌లో క్రమం తప్పిన క్రియలు 177 తీసుకుని చూస్తే నేటికి 98 మిగిలాయని 2007లో హార్వర్డ్ పరిశోధకులు ‘నేచర్’ పత్రికలో లెక్క తేల్చారు. తక్కువ వాడే క్రియకే తోక ముందు మొలుస్తుందట. సరే, మరి బైబిల్లో తోకతో ఉన్న ‘డిగ్డ్’ ఎందుకు ‘డగ్’ అయినట్టు? అమెరికాలో ‘స్నీక్’కు కొత్తగా ‘స్నక్’ ఎందుకు పుట్టినట్టు?

స్విఫ్ట్ కోరిన నిండు తోక మాత్రం మన హైకోర్టులో ఇప్పటికీ వినబడుతుంది. ఎదుటి వకీలు మీద ఎంత మండిపడినా ‘లెర్నెడ్ ఫ్రెండ్’ అనే అంటారు, ‘లెర్న్‌డ్’ అనరు.