తోట వైకుంఠం

తోట వైకుంఠం (జననం: 1942) తెలంగాణ పల్లె స్త్రీనే ప్రధాన వస్తువుగా చేసుకున్న సమకాలీన చిత్రకారుడు. కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టారు. హైదరాబాదు లలితకళల కళాశాలలో చదివాక, ఆంధ్రప్రదేశ్ లలితకళా అకాడమీ ఉపకార వేతనంతో బరోడా వెళ్లి కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చిత్రలేఖనం, ముద్రణకళ నేర్చారు. అంతకుముందే అదే గురువు దగ్గర చదివిన మరో తెలంగాణ చిత్రకారుడు కె. లక్ష్మా గౌడ్. ఆయన సన్నని గీతల అల్లికకు పేరుపడితే వైకుంఠం రంగును నమ్ముకున్నారు.

వైకుంఠం బొమ్మలో స్త్రీది చామనచాయ, నిండైన ఒళ్లు. అరమోడ్పు కళ్లు, నుదుటిని సగం ఆక్రమించే కుంకుమబొట్టు, కొప్పులో పూలు, ముక్కుపుడక, అంచు కొట్టొచ్చినట్టుండే చీర, దానికి పోటీ వచ్చే రవిక. చాలాసార్లు చెంతనే ఒక రామచిలుక. బొమ్మ వెనుక నేపథ్యమంతా ఒకే రంగు. తెలంగాణ జానపద కళ అయిన చేర్యాల నకాషీ పటాల ఎరుపు గుర్తుకొస్తుంది. రెండు రంగులు కలిపి మూడోది చేయడం తనకు నచ్చదని, అలాంటివి మన చుట్టూ కనిపించవని ఆయన అంటారు. ఎరుపు, కాషాయం, నారింజ ఆయనకు ప్రీతి. నారింజ కూడా కలిపిందేగా అని అడగొచ్చు. మాఘఫాల్గుణాల్లో నారింజ రంగున పూసిన మోదుగు చెట్టును చూసినవాళ్లు అడగరు.

ఈ స్త్రీలకు మూలం ఆయన తల్లి, ఊరి ఆడవాళ్లు అని చెబుతారు. అది నిజమే గానీ సగమే. చిన్ననాడు ఊరికొచ్చే నాటకాల్లో ఆడవేషం కట్టిన మగవాళ్లను ఆయన కళ్లార్పకుండా చూసేవారు. మగవాడు ఆడదానిగా నమ్మించాలంటే బొట్టు పెద్దది కావాలి, నగలు ఎక్కువ కావాలి, ఒయ్యారం ఒక పాలు మించాలి. వైకుంఠం బొమ్మల్లోని కొంటెతనం, ఆ నిండు అలంకారం అక్కడివేనని నాకు తోస్తుంది. అవి ఎదురుగా కూర్చోబెట్టి గీసిన రూపచిత్రాలు కావు, వేషం కట్టిన బొమ్మలు.

బి. నర్సింగరావు తీసిన ‘దాసి’ (1988) చిత్రానికి వైకుంఠం కళాదర్శకుడిగా జాతీయ పురస్కారం పొందారు. దొర గడీలో దాసి బతుకు చెప్పే ఆ సినిమాలో ఆయన పల్లె స్త్రీ మరో వెలుగులో, నగానట్రా లేకుండా కనిపిస్తుంది.

తలపాగాలు చుట్టిన మగవాళ్లు, నామాల పంతుళ్లు కూడా ఆయన కాన్వాసుల మీదికి వస్తారు. తొలినాళ్ల నుంచీ బొగ్గుగీత ఆయనకు అలవాటు. ఏళ్ల తేడాతో వేసిన రెండు బొమ్మలను పక్కపక్కన పెడితే వాటిలోని ఆడవాళ్లు తోబుట్టువుల్లా ఉంటారు. చీర మారుతుంది, చిలుక చోటు మారుతుంది, ఆ నిద్రకళ్లు మాత్రం మారవు.