పావురాలకొండ – పెరటి గూళ్ళు



మా భీమునిపట్నానికి ఒకవైపు సముద్రం, ఒకవైపు పావురాలకొండ. కొండమీద సుమారు రెండువేల యేండ్లనాటి బౌద్ధవిహార శిథిలాలు, బండలో తొలిచిన నీటితొట్లు ఉన్నాయి. ఇక్కడినుండి విశాఖపట్నం పోయే తీరపు దారిలోనే తొట్లకొండ, బావికొండ ఉన్నాయి. భిక్షువులు ఆ విహారాలను ఏ పేర్లతో పిలుచుకున్నారో గాని, జనం మాత్రం తమ కంటికి కనబడినవాటినిబట్టి పేర్లు పెట్టుకున్నట్లు తోస్తుంది. అక్కడ తొట్లు, అక్కడ బావులు, ఇక్కడ పావురాలు. బండల నెరియలలో గూడు, తొట్లలో వాననీరు ఉన్నచోట పావురం చేరకుండా ఉంటుందా?

ఇంత తెలిసిన నేను పెరట్లో గూడు కట్టబోయి ఈ చిన్న సంగతినే మరచిపోయాను. అందుకు మూల్యం పక్షులు చెల్లించాయి. ఆ కథ చెప్పేముందు కొంచెం పూర్వచరిత్ర.

పావురము అనే మాట సంస్కృత పారావతశబ్దానికి తద్భవం. అమరకోశంలో పక్షులన్నీ సింహాదివర్గంలో ఉండగా, పావురాల గూటిని మాత్రం అమరసింహుడు పురవర్గంలో, మేడలూ గోడల నడుమ చేర్చాడు. కపోతపాలిక, విటంకము అని దానికి పేర్లు. దేవాలయ శిల్పంలో గోడపైన చూరువలె ముందుకు వంగిన భాగానికి కపోతమనే పేరున్నది. మేఘసందేశంలో ఉజ్జయిని మేడల చూరుల క్రింద పావురాలు నిద్రిస్తాయి. అంటే మన పూర్వులకు పావురం చెట్టుమీది పక్షి కాదు, గోడమీది పక్షి. అడవిలో ఉన్నప్పుడు కూడా దాని నివాసం కొండచరియే. ఊళ్ళోని గోడ దానికి మరొక కొండచరియ.

కోడి చరిత్ర వేరు. దాని మూలపురుషుడు ఎర్ర అడవికోడి. మన తూర్పు కనుమలలో గోదావరి వరకూ దాని రాజ్యం. దక్షిణాన, పడమటి కనుమలలో బూడిదరంగు అడవికోడిది. పెంపుడు కోళ్ళలో కనబడే పసుపురంగు చర్మానికి కారణమైన జన్యువు ఈ రెండవదాని నుండి వచ్చిందని 2008లో శాస్త్రజ్ఞులు తేల్చారు. కోడిని మచ్చిక చేసిన తొలి ఆనవాళ్ళు థాయిలాండులో మూడువేల అయిదువందల యేండ్ల క్రిందటివని, వరి, చిరుధాన్యాల సాగే దానిని మనిషి దగ్గరకు రప్పించిందని 2022లో వెలువడిన పరిశోధన చెబుతున్నది. గింజలకోసం ఊరు చేరినా, చీకటి పడేసరికి కొమ్మెక్కి కూర్చునే అడవి అలవాటును కోడి నేటికీ విడువలేదు.

ఇక నా కథ. పదవీ విరమణ చేసిన యేట వడ్రంగిని పిలిపించి పెద్ద చెక్కపెట్టె ఒకటి చేయించాను. తొమ్మిది కోళ్ళు, నాలుగు జతల పావురాలు, అన్నీ అందులోనే. నేలమీద ఒకే నీళ్ళచట్టి. మా వీథిలోని మత్స్యకార వృద్ధుడొకాయన చూసి, "మాస్టారూ, కోడికి కొమ్మ ఉండాల, పావురానికి బండ ఉండాల. రెంటికీ ఒకే పెట్టె ఎలాగండీ?" అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను.

ఆ వర్షాకాలంలో పావురాల పిల్లల నోళ్ళలో పసుపుపచ్చని పొర కట్టింది. మేత మింగలేక చచ్చిపోయాయి. ఆ వెంటనే కోళ్ళకు కొక్కెర తెగులు సోకి వారంలో ఆరు పోయాయి. మిగిలిన మూడింటినీ గంపక్రింద మూసి మా ఇంటావిడ రాత్రంతా మేలుకున్నది. పశువైద్యుడు వచ్చి టీకాలు వేయించారా అని అడిగితే తల వంచుకున్నాను. 1926లో జావాద్వీపంలోను, ఇంగ్లండులోని న్యూకాజిల్ వద్దను గుర్తించిన ఆ తెగులుకే మన దేశంలో రాణీఖేత్ అని పేరు. పావురాలు కూడా ఆ జాతి సూక్ష్మజీవిని మోయగలవని, రెంటినీ కలిపి ఉంచరాదని ఆయన చెప్పాడు.

మరుసటి యేడు ఆ వృద్ధుడినే కూర్చోబెట్టుకొని రెండు గూళ్ళు వేరువేరుగా కట్టించాను. కోడిగూడు నేలకు రెండడుగుల ఎత్తున ఉన్నది. ఒక్కొక్క కోడికి రెండు చదరపుటడుగుల చోటు, లోపల రెండంగుళాల వెడల్పుగల కర్రదండెం, గ్రుడ్లకు నాలుగు కోళ్ళకొక గడ్డిపెట్టె. గాలి పైనుండి ఆడాలి, తలుపు గట్టిగా పడాలి. పిల్లీ ముంగిసా చిన్న సందు దొరికితే చాలు, దూరిపోతాయి. నేలమీద వరిపొట్టు పరచి, తడిసినప్పుడల్లా మార్చి, సున్నం చల్లాలి. మూలన పొడిబూడిద పోస్తే పొర్లాడి పేలు వదిలించుకుంటాయి.

పావురాలకు గోడకు ఎత్తున అడుగు చదరపు గూళ్ళు వరుసగా పెట్టించాము. జతకు రెండేసి గూళ్ళుండాలి. ఒక గూటిలో పిల్లలు ఎగరకముందే ఆడది రెండవ గూటిలో మళ్ళీ గ్రుడ్లు పెడుతుంది. కోడిగ్రుడ్డు పొదగడానికి 21 రోజులు, పావురపు గ్రుడ్డుకు 18 రోజులు. సముద్రం తూర్పున ఉన్నది కనుక ముఖద్వారం పడమటికి పెట్టించాము. ఉప్పుగాలికి ఇనుపవల రెండేళ్ళలో తుప్పు పట్టిపోతుంది. అందుకే తాటిబద్దలు వాడాము.

గూటిమీద పావురానికున్న మమకారాన్ని ప్రభుత్వాలు కూడా వాడుకున్నాయి. 1936 వరకు మన విశాఖపట్నం జిల్లాలో భాగమైన కొరాపుట్‌లో 1946లో ఒడిశా పోలీసులు సైన్యంనుండి పావురాలను తెచ్చుకొని వార్తల చేరవేత మొదలుపెట్టారు. 1948లో నెహ్రూగారు సంబల్‌పూర్‌నుండి కటకానికి పంపిన సందేశాన్ని కూడా పావురమే మోసింది. ఎక్కడ వదిలినా తన గూటికి తిరిగిరావడమే ఆ విద్యలోని రహస్యమంతా.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. ఆ పేరు కూడా ఒక పక్షిదే. కోళ్ళను వంటింట్లోకి చేర్చగలిగాము. పావురాలను మాత్రం వదిలివేయవలసి వచ్చింది. తెల్లవారేసరికి గూళ్ళూ లేవు, గోడమీది పెంకులూ లేవు. మూడవనాటికి రెండు జతలు వచ్చి, గూళ్ళున్న చోటనే ఒట్టిగోడను పట్టుకొని కూర్చున్నాయి. ఆ రోజే వడ్రంగికి కబురంపాను.

ఇప్పుడు మా వీథిలో పెరళ్ళు ఒక్కొక్కటే అపార్టుమెంట్లవుతున్నాయి. పావురానికి దిగులు లేదు. నాలుగవ అంతస్తు చూరుమీద, ఏసీ పెట్టె వెనుక, మళ్ళీ ఒక కొండచరియను వెదుక్కుంటుంది. కోడికే ఎక్కడా కొమ్మ లేదు. తన కోడి కూయకపోతే తెల్లవారదనుకున్న ముసలమ్మను చూసి నవ్వుకున్నవాళ్ళమే గాని, కోడికూత లేకుండానే తెల్లవారే వీథులు మా ఊళ్ళోనూ వచ్చేశాయి. పెరడు మిగిలినవారు ఒక దండెం, ఒక గట్టి తలుపు పెట్టించి నాలుగు కోళ్ళను పెంచండి. టీకాలు మాత్రం మరువకండి.