రక్తం వేరు, చక్కెర వేరు

"ఎంతైనా మా రక్తం వేరు." సూరత్‌లో బమ్రోలి మరమగ్గాల మధ్య స్థిరపడిన మా బంధువు ఒకాయన, వేరే కులం నుంచి కూతురికి వచ్చిన సంబంధాన్ని కాదంటూ అన్న మాట ఇది. సరే, రక్తాలు ఎక్కడ వేరవుతాయో చూద్దాం. ఆ కథలో ఒక ముఖ్యఘట్టం ఆయన ఊరికి కొన్ని గంటల రైలు దూరంలో, బొంబాయిలోనే జరిగింది.

1901లో లాండ్‌స్టైనర్ రక్తాన్ని గ్రూపులుగా విడదీశాడు. కారణం తెలియడానికి మరో అర్ధశతాబ్దం పట్టింది. లండన్‌లో మోర్గన్, వాట్కిన్స్ 1950లలో తేల్చిందేమంటే, తేడా అంతా ఎర్రకణాల మీది చక్కెర గొలుసు చివర ఉంది. 'ఎ' గ్రూపుకు ఎన్-అసిటైల్ గాలక్టోజమిన్, 'బి'కి గాలక్టోజ్. ఇవి అతకాలంటే ముందు ఫ్యూకోజ్ అనే చక్కెర ఉండాలి. దానితో ఏర్పడేదే 'హెచ్'. 'ఓ' వాళ్ళకు అక్కడితో గొలుసు ఆగుతుంది.

1952లో భెండే, ఆయన సహచరులు బొంబాయిలో ఆ 'హెచ్' కూడా లేని ముగ్గురి గురించి లాన్సెట్ పత్రికలో రాశారు. మామూలు పరీక్షలో వీళ్ళది 'ఓ' అనిపిస్తుంది. కానీ 'ఓ' రక్తం ఎక్కిస్తే ప్రాణాల మీదికొస్తుంది! అంతేకాదు. 1955లో అమెరికాలో లెవీన్ బృందం, 'ఓ'లా కనిపించిన ఒక స్త్రీ తన కూతురికి 'బి' జన్యువును అందించిందని చూపింది. తల్లిదండ్రుల గ్రూపు చూసి ఆడవాళ్ళ శీలాన్ని లెక్కగట్టేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఈ గొలుసుల్ని ఇప్పుడు మాస్ స్పెక్ట్రోమీటర్‌తో తూస్తారు. తూకం ఒక్కటే చాలదు. మూడు చక్కెరల 'హెచ్' ముక్కా, లూయిస్-ఎ అనే మరో రక్తగ్రూపు ముక్కా రెండూ 529 దగ్గరే తూగుతాయి. చక్కెరలు అవే, ఫ్యూకోజ్ అతికిన చోటు వేరు. అందుకని ముందు ద్రవ క్రొమటోగ్రఫీతో విడదీస్తారు. నీటిని ఇష్టపడే చక్కెరలు మామూలు కాలమ్‌లో నిలవక జారిపోతాయి. రంధ్రాల గ్రాఫైట్ కార్బన్ నింపిన కాలమ్ అయితే ఆకారాన్ని బట్టి ఒక్కోదాన్ని ఒక్కో నిమిషంలో వదులుతుంది. వచ్చినదాన్ని వచ్చినట్టు తూచుకోవచ్చు.

బొంబాయి గ్రూపు రావాలంటే లోపమున్న జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా అందాలి. దగ్గరి చుట్టరికాల్లో ఆ అవకాశం పెరుగుతుంది. మా బంధువు ఇప్పుడు కూతురికి ఖాయం చేసుకుంటున్నది మేనమామ కొడుకుని.