ఎన్నికల ప్రచార భాష - పాతబస్తీ ఓటరు

1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీని స్థాపించిన నందమూరి తారక రామారావు ‘చైతన్యరథం’పై రాష్ట్రమంతటా పర్యటించారు. ఆ ప్రచారానికి ‘తెలుగువారి ఆత్మగౌరవం’ అనే నినాదమే ఆయువుపట్టు. 1983 జనవరి ఎన్నికల్లో 294 శాసనసభ స్థానాలకు గాను ఆ పార్టీ 200కు పైగా గెలుచుకుంది. 1984లో 42 లోక్‌సభ స్థానాలలో 30 దానికే దక్కాయి. అయితే లాల్‌దర్వాజా ఉన్న హైదరాబాదు స్థానం నుండి అప్పుడు స్వతంత్ర అభ్యర్థిగా సుల్తాన్ సలావుద్దీన్ ఒవైసీ ఎన్నికయ్యారు. సింహవాహిని మహంకాళి బోనాలకు ప్రసిద్ధమైన ఈ ప్రాంతం చుట్టూ ఉర్దూ వాడుక బలంగా ఉంది. ఇటువంటి చోట ‘తెలుగువారు’ అన్న సంబోధన అందరికీ ఒకే అర్థాన్ని ఇవ్వదు. ఓటరుకు అప్పటికే ఉన్న భాషా, మత, స్థానిక బంధాలే నినాదానికి అర్థాన్ని నిర్ణయిస్తాయి. కనుక ప్రచార భాష ప్రభావాన్ని అంచనా వేసేటప్పుడు అది గెలిచిన చోట్లతోపాటు ఆగిపోయిన చోట్లనూ పరిశీలించడం అవసరం.