టీచర్ పని తగ్గిస్తామన్న ప్రతి ఐడియా ఏమైంది? ఏఐ స్టార్టప్‌కి ముందు 230 ఏళ్ల కథ

ఈమధ్య నాకు ఎక్కువగా వస్తున్న ప్రశ్న ఒకటుంది. "బ్రో, టీచర్ల పని తగ్గించే ఏఐ స్టార్టప్ పెట్టాలనుకుంటున్నాం, నడుస్తదా?" అని. బీటెక్ అయిపోయినవాళ్లు అడుగుతున్నారు, ఉద్యోగంలో ఉన్నవాళ్లు కూడా అడుగుతున్నారు. నిజం చెప్పాలంటే మేము కూడా అదే పనిలో ఉన్నాం. సికింద్రాబాద్‌లో, వెస్ట్ మారేడ్‌పల్లిలో ఒక అద్దె గదిలో ముగ్గురం కూర్చుని అలాంటిదే డిజైన్ చేస్తున్నాం. అయితే కోడ్ మొదలుపెట్టే ముందు నేను ఒక పని పెట్టుకున్నా. ఇంతకుముందు ఎవరెవరు ఈ మాట చెప్పారు, వాళ్ల ఐడియా చివరికి ఏమైంది అని చదవడం. ఈరోజు ఎపిసోడ్ అదే.

ముందు బరువు ఎంతో చూద్దాం. మా అక్క ఒక ప్రైవేట్ స్కూల్లో సోషల్ చెప్తుంది. నాలుగు సెక్షన్లు, ఒక్కోదాంట్లో నలభై మంది అనుకోండి. ఒక యూనిట్ టెస్ట్ అంటే 160 పేపర్లు. ఒక్కోదానికి ఐదు నిమిషాలు వేసుకున్నా 800 నిమిషాలు, అంటే పదమూడు గంటల పైమాట. విద్యాహక్కు చట్టం, 2009 ప్రకారం ప్రిపరేషన్‌తో కలిపి టీచర్ పని వారానికి కనీసం 45 గంటలు. ఆ పదమూడు గంటలు మరి ఎక్కడి నుంచి వస్తాయి? రాత్రి భోజనాలయ్యాక డైనింగ్ టేబుల్ మీద నుంచే వస్తాయి. టీచర్ ఉన్న ఇల్లయితే ఈ సీన్ మీకు కొత్తగా చెప్పక్కర్లేదు.

ఇప్పుడు కథలోకి వెళ్దాం.

మొదటి ఐడియా: పిల్లలే పిల్లలకు చెప్పడం

1789లో ఆండ్రూ బెల్ అనే స్కాట్లండ్ పాస్టర్ మద్రాసు ఎగ్మోర్‌లో ఒక అనాథాశ్రమ పాఠశాలకు సూపరింటెండెంట్ అయ్యాడు. అక్కడున్నది యూరోపియన్ సైనికుల పిల్లలు. పాఠాలు ముందుకు సాగడం లేదు. ఒకరోజు గుర్రం మీద పోతుంటే, ఒక వీధి బడిలో పిల్లలు నేల మీద ఇసుక పరిచి వేలితో అక్షరాలు దిద్దుతూ కనిపించారు. పలక అక్కర్లేదు, కాగితం అక్కర్లేదు. బెల్ తన బడిలో అదే పెట్టమన్నాడు. అక్కడి మాస్టర్‌కి అది రుచించలేదు. అప్పుడు బెల్ ఎనిమిదేళ్ల జాన్ ఫ్రిస్కెన్ అనే పిల్లాడికి చిన్నవాళ్ల క్లాసు అప్పగించాడు. ఆ పిల్లాడు అక్షరాలు నేర్పించేశాడు. తర్వాత బడి మొత్తాన్ని అలాగే మార్చి, 1797లో లండన్‌లో దాని మీద ఒక చిన్న పుస్తకం వేశాడు. దానికే 'మద్రాస్ సిస్టమ్' అని పేరొచ్చింది.

మన దగ్గర అది అప్పటికే పాత సంగతి. 1823లో బళ్లారి కలెక్టర్ ఎ.డి. క్యాంప్‌బెల్ తన జిల్లా బడుల మీద ప్రభుత్వానికి ఒక రిపోర్ట్ రాశాడు. తెలుగు వ్యాకరణం రాసిన క్యాంప్‌బెల్ ఈయనే. అప్పటి బళ్లారి జిల్లాలో తెలుగు, కన్నడ బడులు రెండూ ఉండేవి. మొత్తం 533 బడులు, 6,641 మంది పిల్లలు. పొద్దున్నే బడికి మొదట వచ్చినవాడి అరచేతిలో 'సరస్వతి' అని రాసేవారట. రెండోవాడికి సున్నా. మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఇక లెక్క అలా పెరుగుతూ పోతుంది. ఆలస్యానికి అంతకంటే సింపుల్ అల్గారిదమ్ ఇంకోటి నేను చూడలేదు! పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు నేర్పే పద్ధతిని క్యాంప్‌బెల్ మెచ్చుకున్నాడు, ఇంగ్లండ్ దీన్ని అనుకరించడం సబబే అన్నాడు. అదే రిపోర్ట్‌లో పిల్లలు అర్థం తెలియకుండా వల్లె వేస్తున్నారని కూడా రాశాడు. జనం పేదరికంలోకి జారిపోవడంతో బడులు తగ్గిపోతున్నాయనీ రాశాడు.

ఇంగ్లండ్‌లో ఏమైందో చూడండి. జోసెఫ్ లాంకాస్టర్ అనే ఆయన 1798లో లండన్‌లో ఇలాంటి బడే పెట్టి, ఒక్క మాస్టర్ వందలమందికి, కావాలంటే వెయ్యిమందికైనా చెప్పొచ్చని ప్రచారం చేశాడు. డబ్బు పెట్టేవాళ్లకు అది బాగా నచ్చింది. ఎందుకంటే ఒక్క జీతంతో బడి నడుస్తుంది. మన వీధి బడిలో పెద్ద పిల్లాడి సాయం అయ్యవారికి చేదోడు. అక్కడికెళ్లాక అదే సాయం ఇంకో అయ్యవారిని పెట్టకపోవడానికి సాకు అయింది. చదువు మరీ పైపైన ఉంటోందని తెలిశాక, 1846లో అక్కడి ప్రభుత్వం శిక్షణ ఇచ్చి టీచర్లను తయారుచేసే ఇంకో పద్ధతి తెచ్చింది. మన సికింద్రాబాద్‌లో మహబూబ్ కాలేజీ 1862లో బడిగా మొదలయ్యే నాటికి మద్రాస్ సిస్టమ్ మోజు ఇంగ్లండ్‌లో చల్లారిపోయింది.

ఇక్కడ నేను ఒక పాయింట్ రాసుకున్నా: పని తగ్గితే మిగిలిన టైమ్ ఎవరి ఖాతాలో పడుతుంది? టీచర్‌ ఖాతాలోనా, మేనేజ్‌మెంట్ ఖాతాలోనా?

రెండో ఐడియా: దిద్దే మెషీన్

1930ల్లో అమెరికాలోని మిషిగన్‌లో రేనాల్డ్ జాన్సన్ అనే హైస్కూల్ సైన్స్ టీచర్ ఉండేవాడు. చిన్నప్పుడు అక్కల కోసం వచ్చే అబ్బాయిల కార్ల స్పార్క్ ప్లగ్‌ల మీద పెన్సిల్‌తో గీసేవాడట, ఇంజిన్ స్టార్ట్ అయ్యేది కాదు. పెన్సిల్ గీతలోంచి కరెంట్ పోతుంది కదా, అదీ కిటుకు. టీచర్ అయ్యాక అదే కిటుకుతో పేపర్లు దిద్దే మెషీన్ తయారుచేశాడు. పిల్లాడు సరైన చోట పెన్సిల్‌తో నింపితే కరెంట్ పాస్ అవుతుంది, మార్కు పడుతుంది. ఐబీఎం ఆ ఐడియా కొని, 1934లో ఆయన్నీ ఉద్యోగంలోకి తీసుకుంది. 1938లో ఐబీఎం 805 పేరుతో మెషీన్ మార్కెట్‌లోకి వచ్చింది. తర్వాత 1956లో వచ్చిన మొదటి హార్డ్ డిస్క్ వెనకున్న టీమ్‌ని నడిపింది కూడా ఈయనే. అంటే మన సాఫ్ట్‌వేర్ వాళ్ల పెద్ద తాతల్లో ఒకాయన పేపర్లు దిద్దలేక అలసిపోయిన టీచర్ అన్నమాట.

ఇది పనిచేసిందా? బ్రహ్మాండంగా పనిచేసింది. తర్వాత వచ్చిన ఓఎంఆర్ షీట్లది కూడా ఇదే దారి. మన ఎంసెట్‌లో బబుల్స్ నింపినవాళ్లందరూ ఈ వంశంవాళ్లే. కానీ ఇంకో మార్పు కూడా జరిగింది. మెషీన్ చదవగలిగేది గుర్తుల్ని మాత్రమే కాబట్టి, ప్రశ్నలు కూడా మెషీన్‌కి తగ్గట్టు మారిపోయాయి. నాలుగు ఆప్షన్లు, ఒక టిక్కు. తర్వాత పాఠం ఆ ప్రశ్నకు తగ్గట్టు మారింది. ఆ పాఠం చుట్టూ అమీర్‌పేట నుంచి విజయవాడ దాకా ఒక పరిశ్రమే పుట్టింది. టీచర్‌కి దిద్దే పని తగ్గింది, కాకపోతే పిల్లాడితో పేరా రాయించే పని కూడా దాంతో పాటే తగ్గిపోయింది.

మార్కుల విషయంలో మనం మర్చిపోకూడని తేదీ ఒకటుంది. 2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాయి. తొమ్మిది లక్షలకు పైగా రాస్తే, మూడు లక్షలకు పైగా ఫెయిల్. తెలుగులో 99 రావాల్సిన ఒక అమ్మాయికి సున్నా చూపించింది. తర్వాత సరిదిద్దారు. ఆ రోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ప్రభుత్వం ముగ్గురు సభ్యుల కమిటీ వేసింది, ఫెయిలైన వాళ్లందరి పేపర్లూ ఉచితంగా మళ్లీ చూడమంది. ఇంజినీర్‌గా నన్ను కుదిపేసేది ఏంటంటే, మిగతా సబ్జెక్టులన్నీ బాగా రాసిన అమ్మాయికి ఒక్కదాంట్లో సున్నా వస్తే, "ఒకసారి ఆగి చూడండి" అని ఒక మనిషికి చెప్పే మెట్టు ఎక్కడా పనిచేయలేదు. ఇది వింటున్నవాళ్లలో ఎవరికైనా మనసు బాగోకపోతే టెలీ-మానస్ నంబర్ 14416. మొహమాటం లేకుండా కాల్ చేయండి.

మూడో ఐడియా: మదనపల్లె కార్డులు

ఇది మన తెలుగువాళ్ల కథ, ఎక్కువమందికి తెలియని కథ. 1980ల్లో పద్మనాభరావు, రమ అనే దంపతులు మదనపల్లె దగ్గర రిషి వ్యాలీకి వచ్చారు. చుట్టుపక్కల ఊళ్లలో ఏకోపాధ్యాయ బడులు. ఒకటే గది, ఒకే టీచర్, ఒకటి నుంచి ఐదు దాకా అన్ని తరగతుల పిల్లలూ అందులోనే. ఒక క్లాసుకి చెప్తుంటే మిగతా నాలుగు క్లాసులు ఖాళీగా కూర్చోవాలి.

వాళ్లు చేసింది ఇదీ. టెక్స్ట్‌బుక్‌ని చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి కార్డులు చేశారు. ప్రతి కార్డు మీద ఒక బొమ్మ గుర్తు. గోడ మీద ఒక నిచ్చెన చార్ట్, అందులో ఏ కార్డు తర్వాత ఏ కార్డో అవే గుర్తులతో ఉంటుంది. పిల్లాడు వచ్చి నిచ్చెనలో తన మెట్టు చూసుకుని, కార్డు తీసుకుని, దానికి తగ్గ గుంపులో కూర్చుంటాడు. ఒక గుంపుకి టీచర్ పూర్తిగా కావాలి, ఒకదానికి కాసేపు చాలు, ఒకదాంట్లో పిల్లలే ఒకరికొకరు చెప్పుకుంటారు, ఒకదాంట్లో ఎవరి పని వాళ్లదే. వారం జ్వరం వచ్చి మానేసినా, తిరిగి వచ్చాక ఆపిన మెట్టు నుంచే మొదలుపెడతాడు. "సార్, ఇప్పుడేం చేయాలి?" అనే ప్రశ్న రోజుకి వందసార్లు వినక్కర్లేదు.

మన భాషలో చెప్పాలంటే అది ఒక వర్క్‌ఫ్లో ఇంజిన్. కరెంట్ లేదు, సర్వర్ లేదు. 'స్కూల్ ఇన్ ఎ బాక్స్' అనే పేరుతో బయటికి వెళ్లింది. చెన్నై కార్పొరేషన్ టీచర్లు వచ్చి చూసి, 2003లో తమ బడుల్లో మొదలుపెట్టారు. ఆ తర్వాత తమిళనాడు ప్రభుత్వ ప్రాథమిక బడులన్నింటికీ పాకింది. ఇక్కడ టీచర్ల సంఖ్య తగ్గించాలని ఎవరూ అనుకోలేదు, పరీక్ష తేలిక చేయాలనీ అనుకోలేదు. ఉన్న ఆ ఒక్క టీచర్ తన గంటని ఎవరి పక్కన కూర్చోవడానికి వాడాలి అనేదే వాళ్ల ప్రశ్న.

నాలుగో ఐడియా: ఫోన్‌లో యాప్

విద్యాహక్కు చట్టం సెక్షన్ 27 ప్రకారం జనాభా లెక్కలు, విపత్తు సాయం, ఎన్నికలు, ఈ మూడు తప్ప టీచర్లకు చదువుతో సంబంధం లేని పనులు అప్పగించకూడదు. కానీ యాప్‌లు ఆ లిస్టులో లేకుండానే వచ్చేశాయి. ఆంధ్రప్రదేశ్‌లో మధ్యాహ్న భోజనం, మరుగుదొడ్ల శుభ్రత పర్యవేక్షణకి ఒక యాప్ పెట్టి, టాయిలెట్ల ఫోటోలు తీసి అప్‌లోడ్ చేయమన్నారు. ఉపాధ్యాయ సంఘాలు గట్టిగా వ్యతిరేకించాయి. 2022లో ముఖ గుర్తింపు హాజరు యాప్ వచ్చినప్పుడు "మా సొంత ఫోన్, మా సొంత డేటాతోనా?" అని అడిగాయి. ఆ యాప్‌లు రాసింది మనలాంటి ఇంజినీర్లే. కోడ్ బాగానే రాసి ఉంటారు. కానీ స్క్రీన్ అవతల కస్టమర్‌గా కూర్చున్నది ఆఫీసర్. టీచర్ అందులో డేటా ఎంట్రీ ఆపరేటర్ అయింది.

ఇప్పుడు మన వంతు

2022 నవంబర్ 30న చాట్‌జీపీటీ వచ్చాక కథ మళ్లీ మొదలైంది. పక్కన కర్ణాటకలో శిక్షణ ఫౌండేషన్, మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ కలిసి 'శిక్షా కోపైలట్' అని టీచర్లకు పాఠ ప్రణాళికలు తయారుచేసే టూల్‌ని బడుల్లో ప్రయత్నించాయి. దారి మంచిదే. తెలుగుకి వస్తే రెండు చిక్కులున్నాయి. ఒకటి, చాలా మోడళ్లు తెలుగు వాక్యాన్ని ఇంగ్లిష్ కంటే ఎక్కువ టోకెన్లుగా ముక్కలు చేస్తాయి, అంటే అదే పనికి ఖర్చు ఎక్కువ. రెండు, 2023 డేటా రక్షణ చట్టం సెక్షన్ 9. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల డేటాకి తల్లిదండ్రుల అనుమతి కావాలి, పిల్లల ప్రవర్తనని ట్రాక్ చేయకూడదు. మినహాయింపులు ఉన్నాయి కానీ, వాటిని నమ్ముకుని ప్రొడక్ట్ కట్టడం నాకు ఇష్టం లేదు.

అసలు చిక్కు ఇంకోటి. డెమో కోసం మేము కొన్ని బడులకు వెళ్లాం. ఒక కరస్పాండెంట్ గారు అంతా ఓపిగ్గా విని అడిగిన మొదటి ప్రశ్న: "ఏ టీచర్ ఎంతసేపు వాడుతుందో నాకు కనిపిస్తుందా?" రెండోది: "ఇది ఉంటే ఒక టీచర్ మీద ఇంకో రెండు సెక్షన్లు వేయొచ్చా?" లాంకాస్టర్ సాక్షాత్తూ వచ్చి ఎదురుగా కూర్చున్నట్టు అనిపించింది. తమాషా ఏంటంటే డబ్బు కట్టేది ఆయనే. టీచర్ జేబులోంచి సబ్‌స్క్రిప్షన్ రాదు. ఆ డాష్‌బోర్డ్ ఇస్తే మాకు ఆర్డర్ వస్తుంది, ఇవ్వకపోతే ఇంకో ఆరు నెలలు సేవింగ్స్ తినాలి.

ముగ్గురం రెండు రాత్రులు వాదించుకుని తేల్చింది చెప్తా. మొదటి వెర్షన్‌లో మార్కులు వేయడం లేదు. టీచర్ పాఠం పేరు చెప్తే మూడు స్థాయిల్లో తెలుగు వర్క్‌షీట్లు వస్తాయి, మదనపల్లె కార్డుల్లాగా. ఆమె చదివి, మార్చి, ప్రింట్ తీసుకుంటుంది. పిల్లల పేర్లు యాప్‌లోకి రావు. మేనేజ్‌మెంట్‌కి డాష్‌బోర్డ్ ఉండదు. ఆ కరస్పాండెంట్ గారికి కూడా అదే చెప్పాం. ఆయన ఇంకా ఫోన్ చేయలేదు.

ఇది నడుస్తదో లేదో వచ్చే ఏడాది ఈపాటికి నంబర్లతో చెప్తా. మీలో ఇలాంటిది కడుతున్నవాళ్లకి ఒక చిన్న పని. పిచ్ డెక్ తయారుచేసే ముందు మీకు తెలిసిన ఒక టీచర్‌ని అడగండి: "మీకు రోజుకి ఒక గంట మిగిలితే ఏం చేస్తారు?" మా అక్కని అడిగితే, "వెనక బెంచీలో ఒకడుంటాడు, వాడితో మాట్లాడతా" అంది. మీకు వచ్చిన జవాబు నాకు రాసి పంపండి, తర్వాతి ఎపిసోడ్‌లో వాటి గురించే మాట్లాడదాం. ఉంటా మరి.